కార్డులో ఒకటే అంకె, నేలలో నాలుగు రకాల కర్బనం: దేవరకొండ చెల్కలు, మిర్యాలగూడ వరి మడి

నాలుగు పొలాలు. మూడు దేవరకొండ వైపు ఎర్ర చెల్కలు, నాలుగోది మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది వరి మడి. మట్టి పరీక్ష కార్డుల్లో నాలుగింటి సేంద్రియ కర్బనం 0.60 నుంచి 0.64 శాతం లోపే ఉంది. 0.50 లోపు తక్కువ, 0.50 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ అనే లెక్కలో నాలుగూ మధ్యస్థమే. కర్బనం తరగతిని బట్టే నత్రజని మోతాదు రాసే పద్ధతి మన దగ్గర ఉంది కాబట్టి నాలుగింటికీ సిఫారసు ఒకే తీరుగా వచ్చింది.

పంట మాత్రం నాలుగు తీర్లుగా నడిచింది. ఏళ్ల తరబడి గొర్రెల మంద పెట్టి, పెంట తోలిన చెల్కలో యూరియా తగ్గించినా పైరు పచ్చదనం తగ్గలేదు. చెరువు పూడిక తోలిన చెల్కలో వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినా పత్తి వాడిపోలేదు, కానీ యూరియా తగ్గిస్తే వెంటనే పాలిపోయింది. ఒకప్పుడు సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు బట్టీలు పెట్టిన చెల్కలో మక్క పసుపు పచ్చగా లేచింది, మొలకకు ముందు కొట్టిన కలుపు మందు సరిగ్గా పట్టలేదు. వరి మడిలో నాటు వేశాక తొలి రెండు మూడు వారాలు పైరు తిప్పుకోలేదు.

ఇక్కడ తేల్చాల్సింది కర్బనం ఎంత ఉంది అన్నది కాదు, ఏ రకం కర్బనం అన్నది. ఇకపై ఈ పొలాలను మంద చెల్క, పూడిక చెల్క, బొగ్గు చెల్క, వరి మడి అని రాస్తున్నాం. లెక్క అనుసరించడం తేలిక కావాలని రీడింగులను గుండ్రటి అంకెలకు సవరించాం.

మట్టి తీయడంలోనే సగం పని

0 నుంచి 15 సెం.మీ. లోతు, ఇంగ్లిషు వి ఆకారపు గుంత, పొలానికి 10 నుంచి 15 చోట్ల. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వేసిన జాగా వదిలేయాలి. ఇవి అందరికీ తెలిసినవే. ఈ కేసులో అదనంగా మూడు జాగ్రత్తలు అవసరమయ్యాయి.

బొగ్గు చెల్కలో పాత బట్టీల జాగాలు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. ఆ మచ్చల మట్టినీ బయటి మట్టినీ ఒకే సంచిలో కలిపితే వచ్చే సగటు ఏ జాగాకూ చెందదు. వేర్వేరు నమూనాలుగా తీయాలి. ఇక్కడ ఇచ్చిన అంకెలు మచ్చల మట్టివి. వరి మడిలో కోత అయిన వెంటనే తీస్తే కొయ్యకాళ్లు, వేర్లు నమూనాలోకి వచ్చేస్తాయి. వాటిని ఏరేశారా, మట్టితో పాటే దంచారా అన్నది రిపోర్టులో రాయాలి. ఇక చెల్కల్లో మొరం. ప్రయోగశాల చూసేది 2 మి.మీ. జల్లెడ దాటిన మట్టినే. నమూనాలో 30 శాతం మొరం ఉంటే ఎకరానికి ఉన్న కర్బనం కట్టేటప్పుడు ఆ 30 శాతం బరువు తీసేయాలి. ఈ పని చాలామంది చేయరు. అందుకే చెల్కల్లో కర్బనం నిల్వలు కాగితం మీద ఎక్కువగా కనిపిస్తాయి.

నీడలో ఆరబెట్టి, చెక్క లేదా పింగాణీ రోట్లో దంచాలి. ఇనుప రోలు, ఇనుప మర వద్దు. రాలిన ఇనుప రజను, కర్బనం కొలిచే రసాయనమైన డైక్రోమేట్‌ను తినేసి కర్బనం లెక్క పెంచుతుంది. కర్బనం పరీక్షకు 0.5 మి.మీ. జల్లెడ పట్టాలి. బొగ్గు చెల్కకు ఇంకా మెత్తగా, 0.2 మి.మీ. వరకు నూరాలి. కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక గ్రాము మట్టిలో 1 మి.గ్రా. బొగ్గు తునక పడితే, అందులో 75 శాతం కర్బనం ఉంటే, అదొక్కటే మొత్తం కర్బనాన్ని 0.075 శాతం పెంచుతుంది. ఒకే సంచి మట్టికి వేర్వేరు అంకెలు వస్తుంటే ముందు అనుమానించాల్సింది నూరడాన్నే.

వాక్లీ-బ్లాక్: కార్డులో అంకె వచ్చే దారి

1934 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతి మన మట్టి పరీక్షకు ఆధారం. డైక్రోమేట్ మట్టిలోని కర్బనాన్ని ఆక్సీకరణ చేస్తుంది, ఖర్చు కాకుండా మిగిలిన డైక్రోమేట్ ఎంతో ఫెర్రస్ ద్రావణంతో కొలుస్తాం. 500 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 1 గ్రా. మట్టి, దాని మీద 1 నార్మల్ బలం గల పొటాషియం డైక్రోమేట్ 10 మి.లీ. (లీటరుకు 49.04 గ్రా.). గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. ఒక్క ఊపున పోసి, నిమిషం పాటు మెల్లగా తిప్పి, 30 నిమిషాలు ఆస్బెస్టాస్ లేని పలక మీద వదిలేయాలి. తరవాత 200 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం, 1 మి.లీ. డైఫినైల్ అమీన్ సూచిక. 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే ఊదా నీలం పోయి మెరిసే ఆకుపచ్చ వచ్చిన చోట ఆపాలి. మట్టి లేని బ్లాంకు ప్రతి బ్యాచుకూ తప్పనిసరి.

బ్లాంకుకు 20.0 మి.లీ., నమూనాకు 16.0 మి.లీ. పట్టాయనుకుందాం. తేడా 4.0. దాన్ని 0.5తో, 0.003తో, 100తో గుణించి 1 గ్రాముతో భాగిస్తే 0.60 శాతం. ఇది పూడిక చెల్క, బొగ్గు చెల్క రెండింటికీ వచ్చిన అంకె.

ఈ పద్ధతి ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడితోనే నడుస్తుంది. బయటి నుంచి వేడి పెట్టం. అందుకే ఉన్న కర్బనమంతా ఆక్సీకరణ చెందదు. సగటున 77 శాతం దొరుకుతుందని లెక్కగట్టి 1.3తో గుణించే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. కొన్ని ప్రయోగశాలలు గుణిస్తాయి, కొన్ని గుణించవు. గుణిస్తే 0.60 కాస్తా 0.78 అయి మధ్యస్థం నుంచి ఎక్కువకు మారిపోతుంది. రెండు చోట్ల చేయించిన కార్డులను పోల్చే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి. 77 శాతం అన్నది సగటు మాత్రమే. బొగ్గున్న మట్టికి అది అసలు వర్తించదు. ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే: ఆమ్లం చుక్కలు చుక్కలుగా పోస్తే వేడి చాలక అంకె తగ్గుతుంది. నల్లగొండ ఎండాకాలంలో ఏసీ లేని గదిలో చేసిన పరీక్షకూ, చలికాలం పొద్దున చేసిన పరీక్షకూ మొదలయ్యే వేడే వేరు. కాబట్టి తెలిసిన మట్టి ఒకటి ప్రతి బ్యాచులోనూ నడపాలి. ఫెర్రస్ ద్రావణం గాలికి చెడిపోతుంది, నిన్నటి బ్లాంకు ఇవాళ పనికిరాదు. 20 మి.లీ. బ్లాంకుకు నమూనా రీడింగు 4 మి.లీ. కంటే తక్కువ వస్తే డైక్రోమేట్ చాలలేదని అర్థం. 0.5 గ్రా. మట్టితో మళ్లీ చేయాలి.

వరి మడిలో ఒక మూల చౌడు ఉంది కాబట్టి క్లోరైడు అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది. క్లోరైడు కూడా డైక్రోమేట్‌ను తింటుంది. మట్టిలోని క్లోరైడు శాతాన్ని 12తో భాగిస్తే వచ్చేదే అది కలిపే దొంగ కర్బనం. 0.12 శాతం క్లోరైడుకు 0.01 శాతం. తెల్లటి పొర పేరుకున్న మట్టికి తప్ప దీని కోసం ఆందోళన పడక్కర్లేదు. పేరుకుంటే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలుపుకోవాలి. నీళ్లు నిలిచిన మడి మట్టిలో ఫెర్రస్ ఇనుము కూడా ఇదే పని చేస్తుంది. నమూనాను తడిగా పరీక్షించకుండా బాగా ఆరబెడితే చాలావరకు పోతుంది.

మొత్తం కర్బనం: సున్నం తీసేశాకే

అసలు ఎంత ఉందో తెలియాలంటే కాల్చి కొలిచే సీహెచ్ఎన్ (కర్బనం, హైడ్రోజన్, నత్రజని) యంత్రం కావాలి. చిన్న ప్రయోగశాలలో ఉండదు, నమూనాలు పంపించి చేయించుకోవాలి. పంపే ముందు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి చూడాలి. బుడగలు వస్తే సున్నం ఉంది. యంత్రం సున్నంలోని కర్బనాన్నీ కలిపే లెక్కిస్తుంది.

పూడిక చెల్కలో బుడగలు గట్టిగా వచ్చాయి. నల్లరేగడి నుంచి కొట్టుకొచ్చి చెరువులో చేరిన పూడికలో సున్నపు గులకలు మామూలే. కాల్షియం కార్బొనేట్ బరువులో 12 శాతం కర్బనం. అంటే 3 శాతం సున్నం ఉంటే 0.36 శాతం కర్బనం. యంత్రం చూపిన మొత్తం 1.14, సున్నానిది 0.36, సేంద్రియం 0.78. సున్నం తీయకుండా 1.14 మీద లెక్క కట్టి ఉంటే పూడిక చెల్క కూడా బొగ్గు చెల్కలాగే కనిపించేది.

సున్నం తీయడానికి మట్టిని వెండి గొట్టాల్లో తూచి, కొద్దిగా తడిపి, 12 మోలార్ బలం గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న గిన్నెతో పాటు, మూత బిగించే గాజు పాత్ర అయిన డెసికేటర్‌లో 6 నుంచి 8 గంటలు పెట్టాలి. తరవాత 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. తగరపు గొట్టాలు ఆమ్లానికి కరుగుతాయి, అందుకే వెండి. సరిగ్గా ఆరకపోతే మిగిలిన ఆమ్లం యంత్రాన్ని తినేస్తుంది. గులకలు మెత్తగా నూరకపోతే లోపలి సున్నం అలాగే ఉండిపోతుంది.

కొలిమిలో కాల్చి బరువు తగ్గుదల చూసే పద్ధతి చౌక. ఈ కేసులో వాడలేదు. 400 నుంచి 600 డిగ్రీల మధ్య బంకమన్ను తన నిర్మాణంలోని నీటిని వదులుతుంది, ఆ బరువూ సేంద్రియ పదార్థం కింద పడుతుంది. చెల్క మట్టినీ నల్లటి పూడికనూ పక్కపక్కన పెట్టి పోల్చాల్సిన చోట అది కచ్చితంగా దారి తప్పిస్తుంది.

మొత్తం మీద వచ్చిన చిత్రం ఇది. కర్బనం విలువలన్నీ శాతాలు.

మంద చెల్క: వాక్లీ-బ్లాక్ 0.62, మొత్తం సేంద్రియ కర్బనం 0.77, కర్బన నత్రజని నిష్పత్తి (నత్రజనికి ఎన్ని రెట్లు కర్బనం ఉందన్న లెక్క) 11.
పూడిక చెల్క: 0.60, 0.78, నిష్పత్తి 10.
బొగ్గు చెల్క: 0.60, 1.40, నిష్పత్తి 28.
వరి మడి: 0.64, 0.83, నిష్పత్తి 14.

వాక్లీ-బ్లాక్ అంకెను మొత్తం కర్బనంతో భాగించి చూడండి. మూడు పొలాలకు 0.77 నుంచి 0.81 వస్తుంది. బొగ్గు చెల్కకు 0.43. ఈ భాగహారం బొగ్గును పట్టుకోవడానికి తేలికైన సాధనం. ఈ భాగఫలం 0.6 కంటే కిందికి వచ్చిందంటే మేం బొగ్గు కోసం వెతకడం మొదలుపెడతాం.

బొగ్గును నిర్ధారించడం

2 మి.మీ. జల్లెడ దాటిన మట్టిని భూతద్దం కింద తెల్ల కాగితం మీద పరచాలి. బొగ్గు తునక మెరుస్తుంది, సూదితో నొక్కితే పుటుక్కున విరుగుతుంది, కాగితం మీద నల్ల గీత గీస్తుంది. కుళ్లిన వేరు వంగుతుంది. నల్లటి మాంగనీసు గుండ్లు చెల్కల్లో ఉంటాయి, చూపుకు బొగ్గులాగే ఉంటాయి. వాటి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది.

ఎంత ఉందో తేల్చడానికి మెల్లగా ఆక్సీకరణ చేసే పద్ధతి వాడాం. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగిన మట్టిని 0.1 మోలార్ డైక్రోమేట్, 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచాలి. ద్రావణం ఆకుపచ్చకు తిరిగితే కొత్తది పోయాలి. మామూలు సేంద్రియ పదార్థం పోతుంది, బొగ్గు మిగులుతుంది. కడిగి ఆరబెట్టి మిగిలిన కర్బనం కొలిస్తే మొదటి మట్టి బరువు మీద 0.95 శాతం వచ్చింది. ఆకుల మైనం లాంటి జిడ్డు పదార్థాలు కూడా కొంత మిగులుతాయి కాబట్టి ఇది కాస్త ఎక్కువ లెక్కే. 375 డిగ్రీల దగ్గర 24 గంటలు గాలిలో కాల్చి మిగిలింది చూసే పద్ధతి కూడా ఉంది. అది ఎదురు తప్పు చేస్తుంది: ఊళ్లలోని మట్టి బట్టీల్లో సగం కాలిన బొగ్గు ఆ వేడికి తానూ కాలిపోయి లెక్క తక్కువ వస్తుంది. ఈ కేసుకు అది కుదరదు. గాఢ నైట్రిక్ ఆమ్లంలో 170 డిగ్రీల దగ్గర 8 గంటలు ఉంచి బొగ్గు నుంచి పుట్టే బెంజీన్ పాలీకార్బాక్సిలిక్ ఆమ్లాలను కొలవడం అన్నిటికంటే నమ్మకమైన దారి. కానీ పరిశోధన సంస్థల స్థాయి పని, రైతు పొలానికి అంత అవసరం లేదు.

1.40లో 0.95 బొగ్గు పోతే మిగిలేది 0.45. ఇందులో 77 శాతం వాక్లీ-బ్లాక్‌కు దొరుకుతుందనుకుంటే 0.35. అంటే కార్డులోని 0.60లో దాదాపు 0.25 కొంతమేర ఆక్సీకరణ చెందిన బొగ్గుదే. ఆ పొలం నిజంగా ఉన్నది తక్కువ తరగతిలో. ఆల్కలైన్ పర్మాంగనేట్ పద్ధతిలో లభ్య నత్రజని చూస్తే ఇదే తేలింది: హెక్టారుకు 160 కిలోలు, తక్కువ తరగతికి హద్దు అయిన 280 కిలోల గీతకు చాలా కింద. 20 గ్రా. మట్టి, 0.32 శాతం పర్మాంగనేట్ 100 మి.లీ., 2.5 శాతం కాస్టిక్ సోడా 100 మి.లీ. పోసి డిస్టిలేషన్ చేసే ఈ 1956 నాటి సుబ్బయ్య-అసీజా పద్ధతి మన ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉంది. కర్బనం అంకె చూసి నత్రజని ఊహించే బదులు దీన్ని నేరుగా చేస్తే బొగ్గు చెల్క రైతుకు తప్పుడు సిఫారసు వెళ్లి ఉండేది కాదు.

కదిలే కర్బనం: పర్మాంగనేట్ పరీక్ష

బొగ్గు సంగతి తేలాక మంద చెల్క, పూడిక చెల్క మిగిలాయి. వాక్లీ-బ్లాక్, మొత్తం కర్బనం, నత్రజని నిష్పత్తి మూడూ దాదాపు సమానం. తేడా ఉన్నది సూక్ష్మజీవులకు అందే భాగంలో. దాన్ని చూపడానికి 2003లో వైల్ బృందం సూచించిన పర్మాంగనేట్ పరీక్ష బాగా పనికొస్తుంది. స్పెక్ట్రోఫొటోమీటరు లేదా మామూలు కలరీమీటరు ఉంటే చాలు.

ముందు నిల్వ ద్రావణం: 0.2 మోలార్ పొటాషియం పర్మాంగనేట్, అంటే లీటరుకు 31.6 గ్రా., దాన్ని 1 మోలార్ కాల్షియం క్లోరైడు ద్రావణంలో కరిగించి పీహెచ్ 7.2కు తేవాలి. గోధుమరంగు సీసాలో, చీకట్లో పెట్టాలి. 50 మి.లీ. గొట్టంలో 2.5 గ్రా. మట్టి, 18 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు, 2 మి.లీ. నిల్వ ద్రావణం. సరిగ్గా 2 నిమిషాలు గట్టిగా ఊపి, సరిగ్గా 10 నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన ద్రావణం 0.5 మి.లీ. తీసి 49.5 మి.లీ. నీళ్లలో కలిపి 550 నానోమీటర్ల దగ్గర రీడింగు తీయాలి. 0.005, 0.010, 0.015, 0.020 మోలార్ ప్రమాణ ద్రావణాలను కూడా అంతే పలచన చేసి రేఖ గీసుకోవాలి.

లెక్క: 0.02లోంచి మిగిలిన గాఢత తీసేసి, 9000తో గుణించి, 0.02 లీటర్లను మట్టి కిలోలతో భాగించిన విలువతో గుణించాలి. 2.5 గ్రా.కు ఆ రెండు గుణకాలూ కలిపి 72,000. మంద చెల్కలో 0.0144 మోలార్ మిగిలింది. తేడా 0.0056, గుణిస్తే కిలో మట్టికి 403 మి.గ్రా. పూడిక చెల్కకు 260, వరి మడికి 360, బొగ్గు చెల్కకు 220 వచ్చాయి.

ఇందులో గడియారమే ప్రాణం. పర్మాంగనేట్ ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, 10 నిమిషాలు 15 అయితే అంకె పెరుగుతుంది. 10 గొట్టాల కంటే ఎక్కువ ఒకేసారి పెట్టుకోవద్దు, ఒక్కో గొట్టానికీ మధ్య ఎడం ఇవ్వండి. కాల్షియం క్లోరైడు వేసేది బంకమన్ను త్వరగా అడుగుకు దిగడానికి. అయినా పూడిక మట్టి కొన్నిసార్లు మసకగా ఉండిపోతుంది. ఆ మసక కాంతిని ఆపి, పర్మాంగనేట్ ఎక్కువ మిగిలినట్టు చూపి, కదిలే కర్బనాన్ని తగ్గించి చెబుతుంది. పలచన చేశాక గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, మసక ఉంటే ఆ నమూనా మళ్లీ చేయాలి. ఇసుక ఎక్కువున్న పేద చెల్కలకు తేడా మరీ చిన్నదై రీడింగు నమ్మలేనిదవుతుంది. అప్పుడు 5 గ్రా. తీసుకుని లెక్కలో 0.005 కిలోలు పెట్టాలి. ఊదా రంగు పూర్తిగా పోయిందంటే మట్టి ఎక్కువైంది, తగ్గించాలి. రోట్లో మెత్తగా దంచిన మట్టి వాడకూడదు. 2 మి.మీ. జల్లెడ మట్టే కావాలి, లేకపోతే పాత అంకెలతో పోల్చడం కుదరదు.

ఇదే తేడాను యంత్రం లేకుండా చూడాలంటే వాక్లీ-బ్లాక్‌లో ఆమ్లం మార్చి చేయవచ్చు. 10 మి.లీ. డైక్రోమేట్‌కు 5, 10, 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే 12, 18, 24 నార్మల్ బలాలు వస్తాయి. బలహీన ఆమ్లానికే లొంగింది తేలిక కర్బనం, మిగిలింది మొండిది. ప్రతి బలానికీ విడి బ్లాంకు ఉండాలి. మంద చెల్కకు వరుసగా 0.34, 0.47, 0.62 వచ్చాయి. పూడిక చెల్కకు 0.18, 0.30, 0.60. మొత్తం అంకె ఒకటే అయినా మొదటి మెట్టులోనే దాదాపు రెట్టింపు తేడా. బ్యూరెట్‌లో 0.05 మి.లీ. పొరపాటు 0.0075 శాతానికి సమానం కాబట్టి రెండు మూడు సార్లు చేసి సగటు తీసుకుంటేనే ఈ తేడాలకు అర్థం.

ముక్కలుగా ఉన్నదా, బంకమన్నుకు అంటుకున్నదా

10 గ్రా. మట్టి, 0.5 శాతం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ 30 మి.లీ. వేసి షేకర్ మీద 15 నుంచి 18 గంటలు. 53 మైక్రాన్ల జల్లెడ మీద పోసి, కిందికి దిగే నీళ్లు తేటబడేదాకా కడగాలి. పైన ఇసుకతో పాటు వేరు ముక్కలు, పెంట పీచు, బొగ్గు మిగులుతాయి. కింద బంకమన్నుకు అంటుకున్న కర్బనం పోతుంది. పైన మిగిలింది 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మొత్తం తూచి, ఇసుకతో సహా నూరి కర్బనం చూడాలి. ఇసుకను ఊది తీసేస్తే లెక్క పోతుంది.

పూడిక చెల్కలో జల్లెడ మీద 6.8 గ్రా. మిగిలింది, అందులో కర్బనం 0.13 శాతం. అంటే మట్టి మీద 0.09. మొత్తం 0.78లో తొమ్మిదో వంతు మాత్రమే ముక్కల రూపం, మిగతాదంతా బంకమన్నుతో పెనవేసుకుంది. వరి మడిలో 3.2 గ్రా. మిగిలింది, కర్బనం 1.1 శాతం, మట్టి మీద 0.35. సగానికి కాస్త తక్కువ. నిష్పత్తి 14కు, నాటు వేశాక పైరు తిప్పుకోకపోవడానికి కారణం ఇక్కడ దొరికింది: కుళ్లని కొయ్యకాళ్లు. వాటిని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే లాగేసుకుంటాయి. మంద చెల్కకు 0.25 వచ్చింది. బొగ్గు చెల్కకు 0.98 వచ్చింది కానీ దాన్ని తేలిక కర్బనం అనుకుంటే పెద్ద పొరపాటు, బొగ్గు కూడా ముక్కే కదా. ఈ జల్లెడ పరీక్షను ఒంటరిగా నమ్మకూడదనడానికి ఇదే రుజువు.

హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాల సంగతి

కాస్టిక్ సోడాతో కషాయం తీసి, ఆమ్లం పోసి పీహెచ్ 1కి తెచ్చి, దిగింది హ్యూమిక్, మిగిలింది ఫుల్విక్ అని విడదీయడం పాత సంప్రదాయం. ఈ కేసులో దానికి చోటివ్వలేదు. పీహెచ్ 13 దగ్గర ఉండే క్షారం మట్టిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూపదు, దాన్ని మార్చి చూపుతుంది. 2015లో లేమన్, క్లేబర్ అనే మట్టి శాస్త్రవేత్తలు ఈ విమర్శను గట్టిగా ముందుకు తెచ్చాక దీని మీద నిర్ణయాలు ఆధారపడటం మాకు సమ్మతం కాదు.

బత్తాయి తోటల్లో డ్రిప్పు ద్వారా పొటాషియం హ్యూమేట్ (హ్యూమిక్ ఆమ్లపు లవణం) ఇస్తూ, కర్బనం పెరిగిందా అని మట్టి పంపేవాళ్లు నల్లగొండలో చాలామంది. ఎకరం నేల 15 సెం.మీ. లోతుకు దాదాపు 900 టన్నులు. 2 కిలోల హ్యూమేట్‌లో కిలో కర్బనం ఉందనుకున్నా అది 0.0001 శాతం. ఏ పరీక్షకూ అందదు. వేర్లకు మేలు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, నేల కర్బనం మాత్రం దానితో పెరగదు.

పొలానికి ఏం చెప్పాలి

మంద చెల్కలో కర్బనం నత్రజనిని విడుదల చేసే రకం. యూరియా తగ్గించుకోవచ్చు. కానీ మంద ఆపేస్తే ముందు పడిపోయేది ఈ కర్బనమే. పర్మాంగనేట్ అంకెను ఏటా ఒకే నెలలో చూస్తూ ఉంటే వాక్లీ-బ్లాక్ కంటే ముందే సంగతి చెబుతుంది.

పూడిక చెల్కలో కర్బనం గట్టిది, నిలిచేది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక తోలుకున్న చెల్కలు దక్షిణ తెలంగాణలో చాలా ఉన్నాయి. పూడిక పని తేమ పట్టడం, పోషకాలను పట్టి ఉంచడం. నత్రజని దాని మీద వదిలేయకూడదు. పంటకు పూర్తి మోతాదు ఇవ్వాలి. కదిలే కర్బనం కావాలంటే మళ్లీ పూడిక కాదు, పెంట, జీలుగ, జనుము. ఇప్పటికే సున్నం 3 శాతం ఉన్న చెల్కకు సున్నపు గులకలున్న పూడిక మళ్లీ తోలితే జింకు, ఇనుము లోపాలు ముదురుతాయి, బత్తాయికి అయితే మరీ.

బొగ్గు చెల్కను తక్కువ కర్బనం నేలగా లెక్కగట్టి నత్రజని ఇవ్వాలి. బొగ్గు నేలకు చెరుపు కాదు, కానీ మొలకకు ముందు కొట్టే పెండిమిథాలిన్, అట్రజిన్ లాంటి మందులను తనలోకి పీల్చి పట్టుకుంటుంది. మోతాదు పెంచడం పరిష్కారం కాదు. ఆ మచ్చల్లో గుంటక, కలుపు తీత మీద ఆధారపడాలి.

వరి మడికి కొయ్యకాళ్లను నాటుకు కనీసం రెండు మూడు వారాల ముందు దున్ని తడి పెట్టాలి. నత్రజని తొలి దఫా తగ్గించకూడదు. మట్టి నమూనాను కోత వెంటనే కాకుండా, దమ్ముకు ముందు, ఏటా అదే దశలో తీయాలి. లేకపోతే కర్బనం పెరిగింది, తగ్గింది అనే మాటలు కొయ్యకాళ్ల లెక్కలే అవుతాయి.

చిన్న ప్రయోగశాలకు ఈ పరీక్షలన్నీ అక్కర్లేదు. వాక్లీ-బ్లాక్, పర్మాంగనేట్, ఆల్కలైన్ పర్మాంగనేట్ నత్రజని, భూతద్దం. అనుమానం వచ్చిన నమూనాలను మాత్రమే మొత్తం కర్బనానికి పంపితే చాలు. ఈ వరసలో చేస్తే నాలుగు పొలాలూ విడిపోతాయి.

వాడిన డైక్రోమేట్‌ను సింకులో పారబోయవద్దు. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. టైట్రేషన్ ముగిసిన ఫ్లాస్కుల్లో అది మూడు వేలెన్సీకి మారి ఉంటుంది, బొగ్గు పరీక్ష ద్రావణంలో మాత్రం నారింజ రంగు మిగిలే ఉంటుంది. దానికి ఫెర్రస్ ద్రావణం కలిపి పూర్తిగా ఆకుపచ్చ చేసి, అన్నిటినీ ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, సున్నపు నీళ్లతో పీహెచ్ 8 నుంచి 9కి తేవాలి. సున్నం కలిపేది చాలా మెల్లగా, ఆమ్లం బాగా పలచబడ్డాకే. అడుగున దిగిన ఆకుపచ్చ బురదను వేరు చేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వాళ్లకు అప్పగించాలి.